సిద్ధరాములు ‘చూద్దాం’

సిద్ధరాములు నోట ‘చూద్దాం’ అన్న మాట ఎన్ని రకాలుగా వస్తుందో అతని భార్య చంద్రభాగకు తెలిసినంతగా నేతగాళ్ల జోడ్‌భావి పేటలో మరెవరికీ తెలియదు. నూలిచ్చే సావుకారుతో అంటే సరేనని. పక్కింటి యమునాబాయి నిచ్చెన అడిగినప్పుడు అంటే ఇవ్వనని. కూర ఎలా ఉందంటే అదే మాట వచ్చిందా, ఉప్పెక్కువైందన్నమాట. పద్దెనిమిదేళ్లుగా ఆమె ఆ ఒక్క మాటతోనే కాపురం చేస్తోంది.

పది రోజుల కిందట కూతురు లలిత, పూనాలో పంతులమ్మల ట్రైనింగుకు పోతానని అడిగింది. సిద్ధరాములు మగ్గం మీంచి తలెత్తకుండానే “సూద్దాం తియ్యి” అన్నాడు. చంద్రభాగ బిడ్డను వంటింట్లోకి లాక్కెళ్లి, “ఒప్పుకున్నడే! వద్దనేటప్పుడైతే మొకం దిక్కు సూసి అంటడు” అని భరోసా ఇచ్చింది. ఆ పిల్ల అప్పటినుంచే పెట్టె సర్దుకుంటోంది.

ట్రైనింగు దరఖాస్తుకు శనివారంతో గడువు ఆఖరు. పన్నెండులోపు తండ్రి లలిత బడికి వెళ్లి, పెద్ద పంతులమ్మ పెద్దబాయి ముందు సంతకం పెట్టాలి. ఆ పొద్దున చంద్రభాగ జొన్నరొట్టెలు కాలుస్తుండగా, సిద్ధరాములు సావుకారింటి నుంచి కొత్త పడుగు భుజానేసుకుని వచ్చాడు.

“లలితా, ఇంత బూడిద తే బిడ్డా. అతుకుదాం.”

మగ్గం మీది పాత పడుగు కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా, బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టాలి. ఒకరు అందించాలి, ఒకరు మెలెయ్యాలి. రెండువేల పైచిలుకు పోగులు. మధ్యలో లేస్తే వరుస తప్పుతుంది.

లలిత తల్లి వైపు చూసింది.

“కూసోవే. యాళ్లకు నాయినే లేస్తడు” అంది చంద్రభాగ.

ఎదురింటి గడియారం పదకొండు కొట్టింది. పన్నెండు కావస్తున్నా సిద్ధరాములు లేవలేదు.

“ఏమయ్యా, బడికి పోవద్దా?”

“సూద్దాం.”

“ఇంకేం సూస్తవు?”

యమునాబాయి గుమ్మంలోంచి తొంగిచూసింది. “ఏం చంద్రక్కా, బిడ్డను పూనా బండెక్కిస్తనంటివి, మగ్గమెక్కిచ్చినవా?”

చంద్రభాగ ముఖం ఎర్రబడింది. యమునాబాయి తప్పుకోగానే మొగుడి ఎదుటికొచ్చి నిలబడింది.

“ఈ పడుగు సోమారం తెస్తే మగ్గం ఏడుస్తుండెనా? పంపనన్నా చెప్పు! ఆ ఒక్క మాటన్నా నోరు తెరిచి చెప్పు!”

“పంపనని నేనన్లే.”

“పంపుతనని గూడ అనలే గదా!”

సిద్ధరాములు చేతిలోని పోగు ఆగిపోయింది.

“ఏమనాల్నో నాకే తెల్వలే, చంద్రా. పొమ్మందామంటే, రేపటి నుంచి పోగెవరు అందిస్తరని బుగులు. నీకా, కండ్లు సరిగ ఆనయి. వద్దందామంటే దాని మొకం యాదికొచ్చె. గందుకే అట్లన్న. ఎన్నడన్నా గంతేనే. తెలిసి అన్నది ఒక్కనాడు లేదు.”

చంద్రభాగ గోడకు ఆనుకుంది. ఇన్నేళ్లూ తాను అర్థాలు విప్పానని మురిసింది. అర్థాలెక్కడివి? ఏదీ తేల్చలేని మనిషి భయం అది. ఆ భయాన్నే తండ్రి మాటగా బిడ్డ చేతిలో పెట్టింది. ఇందాక కూర్చోమన్నదీ తనే.

మిల్లులో భోంగా సైరను మోగింది. పన్నెండు.

సిద్ధరాములు ఉలిక్కిపడ్డాడు. “లే బిడ్డా! పోదాం, ఉరుకుదాం! నేను చెప్పుకుంట పెద్దబాయికి!”

లలిత తలెత్తలేదు. ఆమె వేళ్ల మధ్య సగం మెలిపడిన పోగు ఉంది.

“తాళమేసి ఉంటది నాయినా. పెద్దబాయి నిన్ననే చెప్పింది, ఒక్క నిమిషం ఆగనని.” మెలి పూర్తిచేసి చెయ్యి చాపింది. “ఇంకోటియ్యి.”

అతను ఇవ్వలేకపోయాడు. పడుగు మీదికి వంగి, వయసొచ్చిన బిడ్డ ముందు పసివాడిలా ఏడ్చాడు. లలిత చెయ్యి అలాగే చాచి ఉంది.

చంద్రభాగ అతని పక్కన చోటు చేసుకుని కూర్చుంది. మసకమసకగా ఉన్న పోగుల్లోంచి తడిమి ఒకటి తీసి అందించింది.

“అది కాదమ్మా” అంది లలిత మెల్లగా. “దాని పక్కది.”

చంద్రభాగ ఆ పోగు వదిలేసి, పక్కదాని కోసం వేళ్లతో వెతికింది.