సగం మాత్ర

"నా కొడుకును మళ్ల సంపుతవా!" అంటూ రాములమ్మ కోడలి చేతిలోని మాత్రల పొట్లం లాక్కుంది. సూర్యకళ గోడకు ఆనుకుని ఉండిపోయింది. నాచారం కంపెనీలో లేత్ మిషన్ నడిపే ఆమె భర్త ఉపేందర్ లోపలి గదిలో గడియ పెట్టుకుని ఎవరితోనో వాదిస్తున్నాడు. ఆ గదిలో ఆయన తప్ప ఎవరూ లేరు!

చెవుల్లో గొంతులు వినిపిస్తున్నాయని రెండు నెలల కిందట వాడిన మందే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. నూటనాలుగు జ్వరం... కట్టెలా బిగుసుకుపోయిన ఒళ్లు... తొమ్మిది రోజులు ఐసీయూ! ఆ మాత్రలు వేసింది తన చేతులే కదా అని తలుచుకుంటే సూర్యకళకు ఇప్పటికీ ముద్ద దిగదు. మందు ఆపితే మనిషి దక్కాడు గానీ, గొంతులు తిరిగొచ్చాయి.

"గిది పాత మందు గాదు అత్తమ్మా! వేరేది. సగం గోలీతోని మొదలువెట్టమన్నడు డాక్టరు. దినాం జ్వరం సూడమన్నడు..."

"మళ్ల గట్లనే అయితదా? గది అడిగినవా?"

"అడిగిన... కావొచ్చు అన్నడు!" అబద్ధమాడడానికి ఆమెకు నోరు రాలేదు.

అప్పుడే గడియ తీసిన చప్పుడైంది. ఉపేందర్ ముఖమంతా చెమట. "ఇయ్యనీయే అమ్మా! ఆ గొంతులు బిడ్డను డాబా మీదికెల్లి పారెయ్యమంటున్నయి... అందుకే గడియ పెట్టుకున్న!"

బిడ్డంటే మానస, ఆరేళ్లది. ఇంకో గంటలో బడి నుంచి వస్తుంది.

రాములమ్మ కొడుకు ముఖం కొంగుతో తుడిచింది. తర్వాత తానే పొట్లం విప్పి, మాత్రను సగానికి విరిచింది. "ఈసారి నా చేతితోని ఏస్త. ఏమన్నైతే ఆ పాపం నాది... నీ మీదికి రావద్దు బిడ్డా!" అంది కోడలితో. సూర్యకళ ఆమె భుజం మీద వాలి వెక్కివెక్కి ఏడ్చింది.

నాలుగో రోజు ఉపేందర్ ఒళ్లు జ్వరంతో కాలిపోయింది! ఆటోలో ఉప్పల్ దవాఖానకు చేరేదాకా అత్తాకోడళ్లు చెరో చేయి పట్టుకుని వంచి చూస్తూనే ఉన్నారు, బిగుసుకుంటోందేమోనని. రక్తపరీక్ష చేశాక డాక్టరు, "గొంతు నొప్పితో వచ్చిన జ్వరమమ్మా, అది కాదు. మందు ఆపొద్దు," అన్నాడు.

నెల దాటాక చెవుల్లో గొంతులు సన్నగిల్లాయి. ఒక సాయంత్రం ఉపేందర్ తలవంచుకుని, "జర మానసను ఒళ్లె కూసోవెట్టుకోనా?" అని భార్యను అడిగాడు.

సూర్యకళ కూతుర్ని తెచ్చి ఆయన ఒళ్లో కూర్చోబెట్టింది. తానూ పక్కనే కూర్చుంది, మానస చేయి వదలకుండా.