పుల్లీ తిప్పిన చెయ్యి

మలేషియాలోని క్లాంగ్‌లో మా వీధిలోకి వరద నీళ్ళు మధ్యాహ్నం మూడింటికి వచ్చాయి. మాది ఒకటే అంతస్తు ఇల్లు. వాకిట్లో కారు. పాత ఇంజిన్ల దుకాణాల చుట్టూ ఎనిమిది నెలలు తిరిగి, ఒక్కో భాగం తెచ్చి, ఇంజిన్ నేనే కట్టుకున్నాను. అది ఇంకా ఒక్కసారీ స్టార్ట్ కాలేదు. వాల్వులు పూర్తిగా మూసుకోవడం లేదని ఆ పొద్దునే తెలిసింది.

లోపల మా అత్త మారియమ్మ, పక్షవాతంతో మంచాన ఉంది. పడవ పంపమని సహాయక దళానికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఇంజిన్ పైమూత విప్పాను. కింద ఇంజిన్‌ని తిప్పే చక్రం, పుల్లీ, స్పానర్‌తో సగం చుట్టు తిప్పాలి, పైన సందు కొలిచే రేకు గేజు దూర్చి వాల్వు సందు సరిచెయ్యాలి. నాలుగు సిలిండర్లకీ అంతే. ఒకరు తిప్పుతుంటే ఒకరు చూడాలి.

"కోగిలా, వచ్చి పుల్లీ తిప్పు" అని నా భార్యని కేకేశాను.

వాన హోరు. మురుగు కంపు. నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. అడుగుల చప్పుడు విన్నట్టే అనిపించి, తల ఎత్తకుండా "తిప్పు" అన్నాను.

తిరిగింది.

"సాలా?" అని గుసగుస.

"ఇంకొంచెం... సాలు."

ఒకటోది అయింది. ఇంజిన్ వరసలో దాని తర్వాతది మూడోది, అదీ అయింది. అప్పుడు ఇంట్లోంచి కోగిల గొంతు.

"నేను రాలేను లా. అమ్మని పట్టుకునున్నాను. వదిలితే నీళ్ళలో పడిపోద్ది."

నా చెయ్యి ఆగింది.

మడ్గార్డు అవతలికి వంగి చూశాను. పుల్లీ బోల్టుకి తగిలించిన స్పానర్ ఉంది. ఎవరూ లేరు.

అటువైపు వెళ్ళే ధైర్యం లేదు. పారిపోదామంటే లోపల ఇద్దరున్నారు. ఇంకా రెండు సిలిండర్లు. నీళ్ళు మోకాళ్ళకి చేరుతున్నాయి.

"తిప్పు..." అన్నాను.

తిరిగింది.

మరోసారి. తిరిగింది.

"సాలా?" ఈసారి నా చెవి పక్కనే.

"సాలు... నీకు దండం పెడతాను, పో."

మూత బిగించాను. మూడోసారికి ఇంజిన్ అందుకుంది. అత్తని వెనక సీట్లో పడుకోబెట్టి, మెరక మీది బడికి చేరేసరికి ఐదయింది.

హాల్లో చాప మీద తల్లి చెయ్యి తుడుస్తూ కోగిల ఆగిపోయింది.

"ఏటిది? నేను అమ్మ పక్కనుంచి కదల్లేదు గదా."

పద్నాలుగు నెలలుగా కదలని కుడి చెయ్యి. గోళ్ళ నిండా ఇంజిన్ ఆయిలు.

నేను పోసిన ఆయిలు ఆ పొద్దున తెరిచిన కొత్త డబ్బాలోది. తేనె రంగు. పుల్లీ తిప్పినప్పుడు ఇంజిన్ ఇంకా స్టార్టే కాలేదు, చల్లగా ఉంది.

ఇది నల్లగా ఉంది. మాడు వాసన... ముట్టుకుంటే ఇంకా వేడిగా ఉంది.