నత్తను చెరిపేసిన మిడత

పిన్ని లాప్‌టాప్‌ను బోర్లించి అడుగు మూత విప్పగానే లోపలి దుమ్ము గుప్పుమంది. పక్కనే తల దూర్చి చూస్తున్న మిడత వరసగా మూడు తుమ్ములు తుమ్మింది.

మిడత అనేది ఆ అమ్మాయి అసలు పేరు కాదు. పదేళ్ల పిల్ల. ఒక్కచోట రెండు నిమిషాలు కుదురుగా నిలబడదని ఇంట్లో అందరూ అలా పిలుస్తారు. పిన్నికి కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. ఆదివారం సెలవు కదా అని, మూలుగుతూ నడుస్తున్న అక్కావాళ్ల లాప్‌టాప్‌కు కొత్త డిస్కు వెయ్యడానికి పొద్దున్నే వచ్చింది.

పాత హార్డ్ డిస్కు బయటికి వచ్చింది. అరచేతిలో పట్టేంత ఉంది.

"దీన్ని పారేస్తావా పిన్నీ?"

"పారెయ్యడమెందుకే? నెమ్మదించిందే కానీ పాడవలేదుగా."

పిన్ని తన సంచిలోంచి ఒక ప్లాస్టిక్ పెట్టె తీసి, డిస్కును అందులో అమర్చి, దానికి చిన్న కేబుల్ తగిలించింది. "ఇదిగో! ఇక దీన్ని ఏ కంప్యూటర్‌కైనా పెట్టుకోవచ్చు. నీ పాటలు, వీడియోలు అన్నీ దాచుకో."

"నాకేనా? మొత్తం నాకేనా?" మిడత ఎగిరి గంతేసింది.

"నీకే. కానీ ఒక్క మాట. కంప్యూటర్ నడవడానికి కావాల్సినవీ, మీ అమ్మ ఆఫీసు ఫైళ్లూ కొత్తదాంట్లో వేశాను. ఇంకా ఎవరివేమైనా ఇందులోనే ఉండిపోయాయేమో. ఇంట్లో ఒక్కొక్కరినీ అడుగు. అందరూ సరే అన్నాకే ఫార్మాట్ చెయ్యి. అంటే మొత్తం ఖాళీ చెయ్యడమన్నమాట."

ఎలా చెయ్యాలో చూపించి, పిన్ని వెళ్లిపోయింది.

మిడత వంటింట్లోకి పరిగెత్తింది. "అమ్మా, పాత డిస్కులో నీవేమైనా ఉన్నాయా?"

"అన్నీ కొత్తదాంట్లో చూసుకున్నానమ్మా. ఏం లేవు."

బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న నాన్న కూడా అడ్డంగా తల ఊపాడు. ఇక మిగిలింది అన్నయ్య. ఎనిమిదో తరగతి చదువుతున్న అన్నయ్య బాస్కెట్‌బాల్ ఆడటానికి వెళ్లాడు. వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది.

'అన్నయ్యవి ఏముంటాయిలే! ఎప్పుడూ ఫోన్ పట్టుకునే ఉంటాడుగా' అనుకుంది మిడత.

తెర మీద ఒక గడి వచ్చింది. ఇందులో ఉన్నవన్నీ పోతాయి, సరేనా అని దాని అర్థం. మిడత సగం చదివి సరే నొక్కేసింది. డిస్కు ఖాళీ అయిపోయింది. హాయిగా ఈల వేసుకుంటూ తన డాన్సు వీడియోలు ఒక్కొక్కటే అందులోకి ఎక్కించడం మొదలుపెట్టింది.

భోజనాలయ్యాక అన్నయ్య లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. కాసేపటికి అటూ ఇటూ వెతికాడు. మళ్లీ వెతికాడు.

"నా నత్త ఏది?"

గంతులేస్తున్న మిడత ఆగిపోయింది. నత్త సంగతి ఆమెకు బాగా తెలుసు. అన్నయ్య రంగుల బంకమట్టితో నత్తను చేశాడు. దాన్ని కొంచెం జరపడం, ఫొటో తియ్యడం, మళ్లీ జరపడం, మళ్లీ ఫొటో. రెండు నెలలు తీశాడు. అవన్నీ గబగబా చూపిస్తే నత్త బడికి వెళ్తున్నట్టు ఉంటుంది. బడిలో శనివారం జరిగే ప్రదర్శనలో ఆ సినిమా వెయ్యాలి.

"ఫోన్‌లో లేవా?" అంది మిడత చిన్నగా.

"ఫోన్‌లో చోటు చాలక కంప్యూటర్‌లోకి ఎక్కించి, అక్కడ తీసేశాను. పాత డిస్కులోనే ఉండుంటాయి. ఎక్కడుంది అది?"

తెలియదు అనెయ్యొచ్చు. కొత్త డిస్కు వల్లే పోయాయేమో అని కూడా అనొచ్చు. ఆ రెండు మాటలూ మిడత నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ అన్నయ్య ముఖం చూస్తే బయటికి రాలేదు.

"నేనే... చెరిపేశాను అన్నయ్యా. నిన్ను అడక్కుండా."

అన్నయ్య అరవలేదు. అరిచినా బాగుండేది. కుర్చీలోంచి లేచి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మిడత ఏడుస్తూనే పిన్నికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ముందు ఆ ఎక్కించేదేదో ఆపు!" అంది పిన్ని. "కేబుల్ తీసెయ్. ఇంకొక్కటి కూడా అందులో వెయ్యొద్దు. ఏడుపు తర్వాత, ముందు నే చెప్పేది విను. నువ్వు చేసిన పని పుస్తకంలో విషయసూచిక చింపడం లాంటిది. పేజీలు ఇంకా లోపలే ఉన్నాయి. వాటిమీద కొత్తవి రాస్తేనే అవి పోతాయి."

"నేను ఏడు వీడియోలు వేసేశాను పిన్నీ..."

"ఏడే కదా! రేపటిదాకా దాచిపెట్టి ఉంటే నత్త గల్లంతయ్యేది. రేపు బడి అవ్వగానే ఇద్దరూ షాపుకి రండి."

మర్నాడు సాయంత్రం పిన్ని షాపులో అన్నాచెల్లెళ్లిద్దరూ కూర్చున్నారు. మధ్యలో ఒక ఖాళీ కుర్చీ. చుట్టూ అరల నిండా పాత కీబోర్డులు, సీసాల నిండా స్క్రూలు. డిస్కులో మిగిలినవాటిని వెతికి, వేరే డిస్కులో పెడుతోంది పిన్ని కంప్యూటర్. పది శాతం. పన్నెండు శాతం. మిడత ఒక్కసారి కూడా కుర్చీలోంచి లేవలేదు.

ముప్పై దగ్గర తెర మీద ఒక చిన్న బొమ్మ మెరిసింది. పచ్చటి నత్త, వీపున బడిసంచి.

"వచ్చింది!" అన్నయ్య, మిడత ఒకేసారి అరిచారు. ఆ తర్వాత చూసుకుంటే మధ్యలో కుర్చీలో అన్నయ్య కూర్చుని ఉన్నాడు.

అన్నీ మాత్రం రాలేదు. ఫొటోలను తీసిన సమయం ప్రకారం వరసలో పెట్టి చూస్తే ఎనభై నాలుగు లేవు. నత్త నీటిగుంట దాటే చోట మిడత డాన్సులు వచ్చి కూర్చున్నాయి.

"మళ్లీ తీద్దాం అన్నయ్యా. నేను చేస్తాను."

"నత్త ఏది? దాన్ని నలిపి డైనోసార్ చేసేశానుగా!"

మిడత ఇంటికెళ్లి తనే కొత్త నత్తను చేసింది. పచ్చరంగు సరిగ్గా కుదిరింది. కానీ నత్త బూరెబుగ్గలతో, బానపొట్టతో తయారైంది. అన్నయ్య తల పట్టుకున్నాడు. "అంతదాకా సన్నగా ఉంటుంది. గుంట దగ్గర ఇంత లావుగా ఉంటే, మళ్లీ సన్నగా ఎలా అవుతుంది?"

మిడత ఆలోచించింది. "గుంటలో నీళ్లన్నీ తాగేసిందనుకో? పొట్ట ఉబ్బుతుంది. గుంట ఎండిపోతుంది. నడిచి దాటేస్తుంది. అవతల ఒడ్డుకెళ్లి నీళ్లు బుస్సున ఊదేస్తుంది!"

అన్నయ్య నోరు తెరిచాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నిన్న మధ్యాహ్నం తర్వాత అదే మొదటి నవ్వు.

నాలుగు సాయంత్రాలు పనిచేశారు. మొదటిసారి మిడత చెయ్యి పెడితే నత్త రెండంగుళాలు ఎగిరి పడింది. "గోరంత! గోరంతే జరపాలి," అన్నాడు అన్నయ్య. మిడత ఊపిరి బిగబట్టి, గోరంత జరిపింది. ఫొటో. మళ్లీ గోరంత. ఎనభై నాలుగుసార్లు.

శనివారం ప్రదర్శనలో నత్త నీళ్లు ఊదేసినప్పుడు హాలంతా ఘొల్లుమంది. ప్రిన్సిపాల్ గారికి నవ్వాపుకోలేక పొలమారింది.

రెండు వారాల తర్వాత బడిలోని కంప్యూటర్‌కు కూడా కొత్త డిస్కు వేశారు. కంప్యూటర్ టీచర్ పాతదాన్ని పెట్టెలో పెట్టి, కేబుల్ తగిలించారు. "లైబ్రరీకి పనికొస్తుంది. నీకు తెలుసటగా, ఫార్మాట్ చేసెయ్," అన్నారు మిడతతో.

తెర మీద అదే గడి వచ్చింది. మిడత దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివింది. వేలు వెనక్కి తీసుకుంది.

"టీచర్, ఒక్క పూట ఆగుదామా? అందరినీ అడిగొస్తాను."

నోటుబుక్కు పట్టుకుని క్లాసు క్లాసుకీ తిరిగింది. మూడో తరగతిలో పద్నాలుగు బొమ్మలు తేలాయి. ఆరో తరగతి వాళ్ల నాటకం తేలింది. అవన్నీ కొత్తదాంట్లో వేసింది.

"ఇక అయిపోయినట్టేగా?" అన్నారు టీచర్.

"ఒక్కరున్నారు టీచర్."

గేటు దగ్గర వాచ్‌మన్ తాత నవ్వాడు. "నాకు కంప్యూటర్‌తో ఏం పని తల్లీ?" అన్నాడు. అంతలోనే నవ్వు ఆగింది. "ఉండుండు... నా మనవరాలు పుట్టినప్పుడు వాళ్ల నాన్న ఫొటోలు పంపితే, టీచరమ్మ అందులో పెట్టారు. తర్వాత నా ఫోన్ నీళ్లలో పడిపోయింది. అవి ఇంకా ఉన్నాయంటావా?"

"ఉన్నాయి తాతా, రండి!" మిడత ఆయన చెయ్యి పట్టుకుని కంప్యూటర్ గదిలోకి తీసుకెళ్లింది. తన కుర్చీలో కూర్చోబెట్టి, ఫొటోలు ఒక్కొక్కటే తెరిచి చూపించసాగింది.