సిగ్గు సలహాదారు

సిగ్గరి కుర్రాడి మీద సినిమా తీస్తూ, అసలు సిగ్గరినే వద్దన్న ఘనత మా గురునాథం గారిది.

ఆయన పోర్ట్ బ్లెయిర్‌లో రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ఊళ్ళో తెలుగువాళ్ళ కోసం వేసవి కామెడీ సినిమా మొదలెట్టారు. మే నెలలోనే వానలు పట్టుకునే చోట వేసవి సినిమా ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగితే వేషం పోతుంది.

ఆడిషన్‌కి ఉదయ్‌కుమార్ వచ్చాడు. పద్దెనిమిదేళ్ళవాడు. హీరోయిన్ హరిత ఎదురుగా నిలబెట్టేసరికి నోరు పెగల్లేదు.

"సిగ్గుపడవయ్యా," అన్నారు గురునాథం గారు. "వేలు కొరుకు. కాలి బొటనవేలితో నేల మీద రాయి. ఊరికే నిలబడ్డావు, నేచురల్‌గా లేదు."

వేషం దుర్గారావుకి దక్కింది. జెట్టీలో ఓడ దిగే ప్రతి మనిషినీ "క్యా భయ్యా" అని పలకరించే రకం వాడు. వాడికి సిగ్గు నేర్పడానికి ఉదయ్‌ని సలహాదారుగా పెట్టుకున్నారు. రోజుకో సమోసా.

ఉదయ్ ఒప్పుకున్నది సమోసా కోసం కాదు. శనివారం ఓడలో హరిత చదువుకోడానికి వైజాగ్ వెళ్ళిపోతోంది. మూడేళ్ళుగా నోట్లోనే ఉన్న మాట ఈలోగా చెప్పాలి.

"ఉదయ్, అమ్మాయి బస్సులో ఉంటే సిగ్గున్నవాడు ఏం చేస్తాడు?" షాట్‌కి ముందు హరిత అడిగింది.

"కిటికీలోంచి చూస్తాడు."

"తర్వాత?"

"తన స్టాప్ రాకముందే దిగిపోతాడు. ఇద్దరూ ఒకేచోట దిగితే వెంటపడుతున్నాడనుకుంటుంది కదా. మిగతాది నడుస్తాడు."

"వానలో కూడానా?"

"వానలో కొంచెం తొందరగా నడుస్తాడు."

"ఏ కుర్రాడూ అలా చెయ్యడు, తీసెయ్," అన్నారు గురునాథం గారు. అందరూ నవ్వారు. హరిత నవ్వలేదు.

శుక్రవారం క్లైమాక్స్. దుర్గారావు రెండు పేజీల ప్రేమ డైలాగు, బొటనవేలితో సహా, మొదలెట్టగానే అసలు వాన దిగింది. కెమెరా మూటకట్టి అందరూ ఇళ్ళ దారి పట్టారు.

ఆస్టినాబాద్ బస్సులో హరిత ముందు సీట్లో, ఉదయ్ వెనక సీట్లో కూర్చున్నారు. డెయిరీ ఫార్మ్ స్టాప్ వచ్చింది. అలవాటుగా లేచాడు.

"బైఠో," అంది హరిత, వెనక్కి తిరక్కుండానే. "ఇన్నాళ్ళూ నీ ఇల్లు ఇక్కడే అనుకున్నా. నిన్న దుర్గారావుని అడిగా. మా ఆస్టినాబాదే అంట కదా."

కూర్చున్నాడు. బస్సు కదిలింది. వాడికి భయంగానే ఉంది, దిగిపోవాలని మాత్రం లేదు.

"హరితా."

"ఊఁ."

"నువ్వంటే నాకిష్టం. వైజాగ్‌కి ఫోన్ చేస్తే ఎత్తుతావా?"

ఆమె అప్పుడు వెనక్కి తిరిగింది. "అంతేనా?"

"అంతే."

"దీనికా గురునాథం గారు రెండు పేజీలు రాశారు," అంటూ పక్కకి జరిగి సీట్లో చోటిచ్చింది. "ఎత్తుతాలే. కానీ హలో అని ముందు నువ్వే అనాలి."

ఆస్టినాబాద్‌లో ఇద్దరూ దిగారు. వాన జోరుగానే ఉంది. ఉదయ్ ఆ రోజు తొందరగా నడవలేదు.