వెల్లమ్మ బిడ్డలు

పూర్వం తెలివాక రాజ్యానికి ఒక వింత ఉపద్రవం వచ్చిపడింది. ఒకనాడు పొద్దున లేచేసరికి వెన్న, వెండి, వెలుగు, వెన్నెల అనే మాటలు జనం నోళ్లలోంచి మాయమయ్యాయి. మాటలతోపాటు వాటి తెలుపూ పోయింది. కవ్వానికి నల్లటి ముద్ద తగులుకుంది. రాణిగారి పళ్లెం మసిబొగ్గయింది. ఆకాశంలో చంద్రుడున్నాడో లేడో ఎవరికీ తెలియలేదు.

అందరికంటే పెద్ద కష్టం గొల్లల పిల్ల నాగసిరిది. ఆమె చెల్లెలి పేరు వెన్నెల. మీకూ నాకూ తెలిసిన ఆ పేరు సొంత అక్కకే గుర్తు రాలేదు! పేరు పెట్టి పిలిచేవాళ్లు లేక ఆ పసిది పలకడం మానేసింది. నానాటికీ నీడలా పలచబడిపోతోంది. నాగసిరి ఆ నల్లటి ముద్దనే మూటగట్టుకుని అడవిదారి పట్టింది.

అడవిలో ఒంటినిండా పుట్ట పెరిగిన ముని కనిపించాడు.

"తాతా, మా చెల్లి పేరు ఎక్కడ పోయింది?"

"మాటలకూ తల్లులుంటారు, పిచ్చిపిల్లా! మీరు పోగొట్టుకున్న వాటన్నిటికీ తల్లి ఒక్కతే. తెలుపంటే కళ్లమంట గనక మసిరక్కసుడు ఆమెను ఏటి అవతల గుహలో నిద్రపుచ్చాడు. బిడ్డలు ఒడి చేరితేనే ఆమె లేస్తుంది."

ఏటి ఒడ్డున రెండు తలల గండభేరుండం ఆకలితో అడ్డగించింది. నాగసిరి మూట విప్పింది. పక్షి నల్లముద్ద మింగి, "రంగు పోయినా రుచి పోలేదే!" అని మురిసిపోయి ఆమెను ఏరు దాటించింది.

గుహలో కొండంత ముసలమ్మ నిద్రపోతోంది. ఆమె ఊపిరికి రాతిగోడలు పొంగి తగ్గుతున్నాయి. నాగసిరి తలెత్తి చూసింది. ఇంత పెద్ద తల్లి కడుపునా మా ఇంటి చిన్న మాట పుట్టింది?

చీకట్లోంచి మసిరక్కసుడు వచ్చి పకపకా నవ్వి, మసి పూసిన మాటల పిల్లల్ని వరసగా నిలబెట్టాడు. "వెన్న, వెండి, వెదురు, వెలుగు, వెన్నెల! వీళ్లలో ఒకరు ముసలిదాని బిడ్డ కాదు. ఎవరో చెప్పు. తప్పావా, నీ చెల్లి పేరు నాకే!"

అన్ని పేర్లూ ఒక్కలాగే మొదలయ్యాయి. అన్ని మొహాలూ నల్లగానే ఉన్నాయి. నాగసిరి కళ్లు మూసుకుంది. చల్లమీద తేలే ముద్ద, చెల్లి కాలి పట్టీ, తెల్లవారే వాకిలి, పున్నమినాటి ముంగిలి గుర్తొచ్చాయి. అన్నీ తెల్లనివే! వెదురు మాత్రం పెరట్లో పచ్చగా ఉండేది. ఆమె వెదురు చెయ్యి పట్టి పక్కకు తీసింది.

మిగతావాళ్లు తల్లి ఒడిలోకి ఉరికారు. ముసలమ్మ కళ్లు తెరిచింది. గుహంతా తెల్లబడింది. రక్కసుడు చిటికెడు మసై రాలిపోయాడు.

"నేను వెల్లను తల్లీ. తెలుపు అని నా అర్థం. ఈ పచ్చవాడు నా కడుపున పుట్టకపోయినా నా గుమ్మం తొక్కాడు. వీణ్ణీ పెంచుకుంటాలే," అందామె.

రాజు ఎదురొచ్చి అర్ధరాజ్యం ఇస్తానన్నా నాగసిరి ఆగలేదు. తర్వాత ఆ రాజ్యాన్ని చక్కగానే ఏలింది, ఏటేటా ఇంటింటికీ వెల్ల వేయించింది. ఆరోజు మాత్రం తన ఇంటి గుమ్మంలోంచే గొంతు చించుకుని అరిచింది.

"వెన్నెలా!"

"ఊఁ," అంటూ చెల్లెలు లేచి కూర్చుంది. "ఇన్నాళ్లూ పిలవలేదేమే అక్కా?"