కాలినిళ్ల చదును

కాలినిళ్ల చదును వైపు పొద్దు వాలాక ఎవరూ వెళ్లరు. వెస్ట్ వర్జీనియా కొండల్లో వేటగాళ్లకి కొదవ లేదు. జింక జాడ తెలిస్తే ఎంత దట్టమైన అడవిలోనైనా దూరతారు. ఆ ఒక్కచోటు మాత్రం వదిలేస్తారు.

ఒకప్పుడు అక్కడ బొగ్గుగని కూలీల ఇళ్లు వరసగా ఉండేవి. ఒక రాత్రి అన్నీ తగలబడిపోయాయి. ఇప్పుడు పునాది రాళ్లు, వాటి మధ్య మొలిచిన చెట్లు... అంతే. చీకటి పడే వేళకి అక్కడ నేల గీరుతున్న చప్పుడు వినిపిస్తుందని చెప్పుకుంటారు. పారతో కాదు, గునపంతో కాదు — గోళ్లతో.

హాలిస్ టీటర్ ఇలాంటివి నమ్మే మనిషి కాదు. గని మూతపడ్డాక ఇంట్లో ఫ్రీజర్ ఖాళీగా పడుంది. ఒక్క జింక పడితే చలికాలమంతా మాంసానికి దిగులుండదు. నవంబరులో, పోతుజింకలు ఎద మీద పిచ్చెత్తి తిరిగే రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆ చదునులోకి వెళ్లి చూశాడు.

చూసి అలాగే నిలబడిపోయాడు. తొడంత లావు చెట్టుకి బెరడు లేచిపోయి, లోపలి చెక్క తెల్లగా, తడిగా మెరుస్తోంది. పోతు కొమ్ములు పెట్టి రుద్దిన చెట్టు. అలాంటివి ఒకటి కాదు, వరసగా ఉన్నాయి. ఆ వరస చివర, కిందికి వంగిన కొమ్మ కింద, ఆకులన్నీ గిట్టలతో తోసేసి నల్లమట్టి తేలేలా గీరిన చోటు. కొమ్మ చివర్లు నమిలేసి ఉన్నాయి. మూత్రం ఘాటు ఇంకా పోలేదు.

అలా గీరిన చోటికి పోతు మళ్లీ వస్తుంది. ఓపిగ్గా కాచుకోవడమే.

ఆ సాయంత్రం చిక్కుడుగింజల కూర తింటూ ఈ సంగతి చెబితే, బావమరిది డెంజిల్ చెంచా కింద పెట్టేశాడు.

"అది గీరింది జింకేనని నీకెవరు చెప్పారు బావా?"

"కాకపోతే మీ తాతా?"

"నవ్వుకో. పోయినేడు నేనూ అక్కడ చెట్టెక్కి కూచున్నా. సరిగ్గా నా కిందే ఏదో గీరింది. చూస్తే ఏమీ లేదు."

"మరి ప్యాంటు తడిసిందా లేదా, అది చెప్పు."

డెంజిల్ నవ్వలేదు. "చీకటి పడకముందే దిగిపో బావా" అన్నాడు మెల్లగా.

మర్నాడు మధ్యాహ్నమే హాలిస్ విల్లు తీసుకుని వెళ్లాడు. గీరిన చోటు కనబడేలా ఒక ఓక్ చెట్టెక్కి, తొట్టెలాంటి సీటు మానుకి బిగించి, నడుముకి పట్టీ కట్టుకుని కూర్చున్నాడు. వాన పడి ఆకులు మెత్తబడ్డాయి. ఏనుగు నడిచినా చప్పుడు కాదు.

చాలాసేపు ఏమీ జరగలేదు. ఉడతలు ఆడాయి. కాసేపటికి అవీ మానేశాయి.

ఎండ కొండ వెనక్కి జారిపోయింది. చెట్ల మొదళ్ల దగ్గర చీకటి పేరుకుంటోంది. ఇక దిగుదామా అనుకున్నాడు. పక్కన కొక్కేనికి తగిలించిన విల్లు తీయబోయాడు —

గర్ర్...

చెయ్యి ఆగిపోయింది.

గర్ర్... గర్ర్... ఆగి... మళ్లీ గర్ర్.

ఆ వంగిన కొమ్మ ఊగుతోంది. గాలి లేదు. దాని కింద మట్టిరంగులో, గుండ్రంగా ఒక వీపు. తల వంచి నేల గీరుతోంది.

పోతు. ఇంకేముంటుంది? ఊపిరి బిగబట్టి, బాణం సంధించి, తాడు చెంప దాకా లాగాడు. ఆ వీపు మీదే గురి. వేలు వదిలితే చాలు.

అప్పుడు ఆ జింక లేచి నిలబడింది.

రెండు కాళ్ల మీద.

లాగిన తాడు హాలిస్ చేతిలోనే ఉంది. వదల్లేడు, పట్టుకోలేడు. అది నెమ్మదిగా ఇటు తిరిగింది... తెల్లటి జుట్టు... మొహం మీద మట్టి... తల పైకెత్తి చెట్టువైపే చూస్తోంది.

"ఎవరది?" గుసగుసగా అడిగాడు.

రెప్పవేయకుండా చూస్తోంది.

బాణం వదలకుండా తాడు ఎలా సడలించాడో తనకే తెలియదు. జేబులోంచి టార్చి తీసి వెలిగించాడు. ఆ వెలుగులో కనిపించింది... ఒక ముసలమ్మ. మగవాళ్ల గోధుమరంగు కోటు, కాళ్లకి చెప్పుల్లేవు, గోళ్లనిండా నల్లమట్టి.

ఐసీ పెద్దమ్మ. చదును కింద ఉండే వెల్డా వాళ్లమ్మ. కాలిపోకముందు ఇక్కడి ఇళ్లలోకే కోడలిగా వచ్చిన మనిషి. ఈ మధ్య ఆవిడకి మతి నిలకడ లేదని ఊరందరికీ తెలుసు.

హాలిస్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. మరొక్క క్షణమైతే... ఆ మాట పూర్తిగా అనుకోలేకపోయాడు.

సీటు చెట్టుకే వదిలేసి దిగాడు. "ఏం చేస్తున్నావు పెద్దమ్మా ఇక్కడ?"

ఆవిడ పిడికిలి విప్పి మట్టి చూపించింది. ఒకప్పటి తన పెరట్లో బంగాళాదుంపలు తవ్వుతున్నట్టు సైగ చేసింది. నోరు మాత్రం విప్పలేదు. తన కోటు కూడా ఆవిడకి కప్పి, చెయ్యి పట్టుకుని కొండ దిగాడు. దారి పొడుగునా ఆవిడ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉంది.

వెల్డా టార్చి పట్టుకుని పెరట్లో వెతుకుతోంది. తల్లిని చూడగానే వాకిట్లోనే కూలబడి ఏడ్చింది. తర్వాత లోపలికి తీసుకెళ్లి, వేడినీళ్లతో కాళ్లు కడిగి, హాలిస్‌కి కాఫీ ఇచ్చింది. బాణం సంగతి అతను చెప్పలేదు.

చలిగాలి కొడుతోందని వెల్డా తలుపు వేయబోయింది.

"అప్పుడే వేయకే" అంది ఐసీ పెద్దమ్మ. అంతసేపటికి అదే మొదటి మాట. "ఆయన ఇంకా రాలేదు."

"ఎవరమ్మా?"

"ఈ అబ్బాయి నెత్తి మీది కొమ్మ మీద కూచున్నాయన. నన్ను మాట్లాడొద్దని పెదవుల మీద వేలు పెట్టాడు. అందుకే పలకలేదు." హాలిస్ వైపు జాలిగా చూసింది. "నీ వెనకే దిగాడు నాయనా. నువ్వు ఒక్కసారైనా తిరిగి చూడలేదు."

"ఊరుకో అమ్మా" అని వెల్డా నవ్వేసి తలుపు మూసి గడియ పెట్టింది. తల్లిని పడుకోబెట్టి వచ్చింది.

హాలిస్ కాఫీ ముట్టలేదు. చెట్టెక్కేటప్పుడు పైకొమ్మల్లో ఎవరూ లేరు. ఎక్కి కూర్చున్నాక... పైకి చూడనే లేదు. వేటగాడి చూపంతా కిందే. అతని బండి కొండకి అవతల ఉంది.

"వెల్డా," అన్నాడు, సిగ్గు చంపుకుని, "ఈ రాత్రికి మీ సోఫా మీద పడుకోనా?"

వెల్డా కిటికీ తెర లాగేసి దగ్గరికొచ్చింది. మొహంలో నవ్వు లేదు.

"నేనే ఉండమని అడుగుదామనుకుంటున్నా" అంది, తల్లికి వినబడకుండా. "ఇందాక గడియ పెడుతుంటే, మెట్ల మీద ఎవరో దగ్గారు."