విత్తనానికి వదిలిన కాయ

మా పెరట్లో వంకాయలు బాగా కాస్తాయి. టమాటాలు ఓ మోస్తరు. మిరపకాయలు మాత్రం అచ్చం నా నోరే, ఘాటెక్కువ అంటాడు మా ఆయన. నేను బట్టలు కుడతాను. వెనకగదిలో మిషను, మిషను ముందు కిటికీ, కిటికీ అవతల నాలుగు మళ్లు, ఆ మళ్ల చివర గోడ. గోడకి అటువైపు టీచరమ్మ పెరడు.

నాకు ఈ పెరటి పని నేర్పింది ఆవిడే. ముప్పయ్యేళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భర్త లేడు. ఒక్కతే కూతురు, వేరే ఊళ్లో ఉద్యోగం. నేను మొదటిసారి గింజలు పెడుతుంటే గోడమీంచి తొంగిచూసి, "అమ్మాయ్, నాటుతున్నావా, పాతిపెడుతున్నావా? అంత లోతైతే అవి పైకి రావడానికి నిచ్చెన వెయ్యాలి" అంది. నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ ఒకటే కబుర్లు.

ఆవిడ దగ్గర కలుపు తీసే చిన్న పార ఉండేది. కూరగాయలు కోసినప్పుడల్లా దాంతో గోడమీద మూడుసార్లు కొట్టేది. టక్. టక్. టక్. నేను మిషనాపి వెళ్తే ఓ గిన్నెడు బెండకాయలో, గుప్పెడు కొత్తిమీరో చేతికందేవి. ఇటునుంచి వంకాయలు అటు వెళ్లేవి.

ఆవిడకో పద్ధతి ఉండేది. పాదుకి కాసిన మొదటి మంచి కాయ కోసేది కాదు. నేనిచ్చిన గుడ్డముక్కల్లోంచి ఓ ఎర్ర పేలిక తీసి దానికి కట్టేది. ముడి కూడా ఆవిడదే ఓ రకం, రెండు మెలికలు తిప్పి కొస లోపలికి దోపేది. "గుడ్డ కట్టామంటే విత్తనానికి వదిలామని. పాదుమీదే ముదరాలి, ఎండాలి, ఊపితే లోపల గింజలు గలగలమనాలి. అప్పటిదాకా దానిమీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు" అనేది.

కిందటేడు ఆవిడ బీరపాదు గోడెక్కి మా వైపు దిగింది. మొదటి కాయ మా వైపే కాసింది. టీచరమ్మ గోడమీంచి వంగి దానికి పేలిక కట్టింది. వారం తిరక్కుండా మా ఆడపడుచు చెప్పాపెట్టకుండా దిగింది. ఇంట్లో కూరకేం లేదు. కాయ చూస్తే నవనవలాడుతోంది. గుడ్డ కనబడలేదని అబద్ధం చెప్పను. విప్పి పారేసి, కాయ కోశాను.

"అమ్మాయ్, గుడ్డ కట్టింది చూళ్లేదా?" అని మర్నాడు అడిగింది. గొంతులో కోపం కూడా లేదు. తప్పు చేసినవాళ్లకే నోరు లేస్తుంది కదా, నాకూ లేచింది. "గోడ దాటొచ్చింది మాది. అంత ప్రేముంటే మీ పాదుని మీ వైపే కట్టేసుకోండి" అన్నాను.  ఆవిడ నేలమీదున్న పేలిక ఇమ్మని చెయ్యి చాపింది. ఇచ్చాను. మడిచి గుప్పిట్లో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

పదిరోజులు మాటల్లేవు.

పదకొండోరోజు సాయంత్రం, దీపాలు పెట్టేవేళ, గోడమీద చప్పుడైంది. టక్. టక్. టక్. దారికొచ్చింది అనుకున్నాను. కావాలంటే ముందు గుమ్మంలోంచి రానీ అనుకుని మిషను ఇంకా జోరుగా తొక్కాను. కాసేపటికి మళ్లీ మూడు. మళ్లీ మూడు. ఆ చప్పుడు ఎప్పుడూ నా చెవి ఎత్తులో వినబడేది. ఆ రోజు కింద నుంచి వచ్చింది. మోకాలికన్నా కింద నుంచి. అది నాకు తెలిసింది... ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాట ఇదే. తెలిసీ లేవలేదు. పంతం. గంటసేపు కొట్టింది. చివరికి రెండే వినబడ్డాయి. ఆ తర్వాత ఒక్కటి.

పొద్దున్న పాలవాడు చూశాడు. గోడవార పందిరి దగ్గర కాలుజారి పడిందట, తుంటి విరిగిందట. రాత్రి ఏ వేళప్పుడో ప్రాణం పోయింది. చేతిలో పార. గోడ అడుగున సున్నం పెచ్చులూడి ఉంది. రెండో గుప్పిట బిగుసుకుపోయి ఎవరు విప్పబోయినా రాలేదు.

కూతురు వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. "అక్కా, ఆ సాయంత్రం అమ్మ పిలిచిందా? మీకేమైనా వినబడిందా?"

"లేదమ్మా... మిషను చప్పుడులో ఏం వినబడుతుంది?"

"నేను ఫోన్ చేశానక్కా. తియ్యలేదు. తోటలో ఉందిలే అనుకుని ఊరుకున్నా. ఇంకొక్కసారి చేసుంటే... నా చేతులారా పోగొట్టుకున్నా."

నీ తప్పు కాదమ్మా, నాది, అనాలి. ఆ ఒక్క మాట అంటే ఆ పిల్ల గుండెమీది బండ దిగేది. అనలేదు. తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఆవిడ పెరడంతా ఎండిపోయింది. నా పెరట్లో, గోడ మొదట్లో, ఓ బీరమొక్క మొలిచింది. నేను పెట్టలేదు. చెత్తతోపాటు ఆ రోజు కాయ గింజలు అక్కడే పారబోసిన మాట నిజమే. కానీ లేతకాయ గింజ మొలవదు. ఆ సంగతి నాకు చెప్పింది టీచరమ్మే.

పీకేద్దామని రెండుసార్లు వంగాను, చెయ్యి రాలేదు. పాదు గోడెక్కింది. ఒకే ఒక్క కాయ కాసింది. కొయ్యలేదు. అది ముదిరి, ఎండి, గోధుమరంగుకి తిరిగింది.

ఇల్లు అమ్మకానికి పెట్టామని, ఎవరికో చూపించాలని, కూతురు కిందటి వారం మళ్లీ వచ్చింది. వచ్చినవాళ్లు చూసి వెళ్లిపోయాక, సాయంత్రం, తను అటు పెరట్లో ఒక్కతే నిలబడి ఉంది. నేను ఇటు వంగమొక్కలకి నీళ్లు పోస్తున్నాను. వెలుగు తగ్గిపోతోంది. తడిమట్టి వాసన. అందులో కలిసి ఇంకేదో... తడి సున్నం వాసన. గాలి లేదు. ఆకు కదలడం లేదు.

టక్.

చెంబు జారి పడింది.

టక్... టక్.

కింద నుంచి. మోకాలికన్నా కింద నుంచి.

గోడ అవతల ఆ పిల్ల అడుగులు దగ్గరికొచ్చాయి. తర్వాత గుసగుసగా అంది. "అక్కా... ఉన్నారా?"

"ఆ..."

"మీకు వినబడుతోందా?"

 టక్. టక్. టక్. నా పాదాల దగ్గరే. బీరాకుల చాటున. చప్పుడు అయినప్పుడల్లా ఆకులు వణుకుతున్నాయి.

"చెప్పండక్కా... వినబడుతోందా, లేదా?"

చెప్పేస్తే పోతుంది. వినబడుతోందమ్మా, ఆ రోజూ వినబడింది. నాలుగు మాటలు. నాలుక కదిలింది కూడా.

"లేదమ్మా. ఏం వినబడటం లేదే."

చప్పుడు ఆగిపోయింది.

 అటువైపు సన్నగా ఏడుపు. "అయితే నాకే పిచ్చెక్కుతోందక్కా" అంటూ లోపలికి వెళ్లిపోయింది. తలుపు గడియ పడింది.

చెంబు తీసుకుందామని చీకట్లో వంగాను. ఆకుల్లోంచి ఏదో వచ్చి నా మణికట్టుకి తగిలింది. తీగె అనుకున్నాను. చల్లగా ఉంది. చుట్టూ తిరిగింది... ఒకసారి... రెండుసార్లు. నెమ్మదిగా. ఓపిగ్గా. ఎన్నోసార్లు చేసిన పనిలాగా. నేను చెయ్యి విదిలించుకుని లోపలికి పరిగెత్తాను.

మా ఆయన పేపరులోంచి తలెత్తాడు. "ఏంటే, దెయ్యాన్ని చూసినట్టు ఆ మొహం? చేతికి ఆ గుడ్డేంటి?"

ఎర్ర పేలిక. రెండు మెలికలు. కొస లోపలికి దోపి ఉంది.

కత్తెరతో కత్తిరించేశాను. తెల్లారి లేచేసరికి మళ్లీ ఉంది. ఆరు రోజులు ఆరుసార్లు కత్తిరించాను. ఇక మానేశాను. వేళ్లకొసల నుంచి చర్మం గోధుమరంగుకి తిరుగుతోంది. నొప్పి లేదు. నీళ్లు ఎన్ని తాగినా దాహం మాత్రం తీరడం లేదు. డాక్టరు పొడిచర్మం అని పూతమందు రాసిచ్చాడు. ఇంట్లో అందరికీ ఒంట్లో బాలేక మందులు తెస్తున్నాను, పాలవాడికి కూడా జ్వరం. నాకు మాత్రం తుమ్ము కూడా రాలేదు. జ్వరం కూడా నామీద చెయ్యి వెయ్యడం లేదు.

ఈ పొద్దున్న ధైర్యం చేసి ఆ పిల్లకి ఫోన్ చేశాను. ఇవాళ చెప్పేయాలి, ఏమైతే అదవుతుంది అనుకున్నాను.

"చెప్పండక్కా" అంది. గొంతు నీరసంగా ఉంది.

"అమ్మా, ఆ రోజు సాయంత్రం..." అన్నాను. ఓ గుక్క నీళ్లు తాగాను. "ఆ రోజు... ఏం లేదులే. ఊరికే, ఎలా ఉన్నావో కనుక్కుందామని."

ఫోను గుడ్డ ఉన్న చేతిలోకి మార్చుకున్నాను.



"అక్కా... మీ దగ్గర ఆ గలగల ఏంటి?"